కొన్న మనిషిని సాక్షి బోనులో నిలబెట్టండి

తెలంగాణ హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ గారికి, హైదరాబాద్‌లో మత్తుమందుల కేసులు చూసే దర్యాప్తు అధికారులకు, స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు (పీపీలకు),

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఇన్ఫార్మర్ చేతికి డబ్బులిచ్చి మత్తుమందు కొనిపించి, ఆ కొనుగోలునే ఆధారంగా చూపి ఎదుటివాణ్ణి అమ్మకందారుగా జైలుకు పంపే పద్ధతి ఒకటి ఉంది కదా, దాని గురించి ఈ లేఖ. స్టేషన్ భాషలో దీన్ని డెకాయ్ అంటారు. నేను అడిగేది ఒక్కటే. ఆ కొన్న మనిషిని సాక్షుల జాబితాలో చేర్చండి. కోర్టుకు తీసుకొచ్చి ప్రమాణం చేయించండి. డిఫెన్సు వకీలు అడిగే ప్రశ్నలకు అతన్ని జవాబు చెప్పనివ్వండి. అలా తీసుకురాలేని కేసులో అమ్మాడన్న అభియోగం పెట్టకండి.

నేను నగరంలోని క్రిమినల్ కోర్టుల్లో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. బోనెక్కిన సాక్షి చేత ప్రమాణం చేయించడం, కాగితాలకు ఎగ్జిబిట్ నంబర్లు వేయడం, సీలేసిన కవర్లు జడ్జిగారి ఎదుట విప్పడం, వాంగ్మూలాలు వరసగా ఫైలుకు చేర్చడం నా పని. పోలీసులంటే నాకు కోపం లేదు. రాత్రంతా సోదాలు చేసి పొద్దున్నే రిమాండు కాగితాలతో వచ్చి, నిద్రలేని కళ్ళతో కోర్టు వరండాలో నిలబడ్డ ఎస్సైలను ఎందరినో చూశాను. అయితే ఇవాళ మీకు రాస్తున్నది ఆ పాత ఉద్యోగి ఒక్కడే కాదు. మా అక్క కొడుకు ఇలాంటి కేసులోనే శిక్ష పడి చర్లపల్లి జైల్లో ఉన్నాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోండి.

వాడి అప్పీలు హైకోర్టులో ఉంది. దాన్ని తేల్చాల్సింది న్యాయమూర్తులు. అందులో మీరు ఏదైనా చేయాలని నేను అడగడం లేదు. వాడు ఏం చేశాడు, ఏం చేయలేదు అన్నది కూడా ఇక్కడ రాయను. అప్పీలు నడుస్తున్న మనిషి గురించి ఇంట్లోవాళ్ళు బయట అనే ప్రతి మాటా ఎటో ఒకవైపు వాడకానికి వస్తుందని నాకు తెలుసు. కింద చెప్పేదంతా తీర్పులోనూ, సాక్షుల వాంగ్మూలాల్లోనూ ఉన్నదే. ఆ సర్టిఫైడ్ కాపీలు నా దగ్గర ఉన్నాయి.

యూసుఫ్‌గూడ వైపు ఒక బస్తీ. మూడంతస్తుల ఇంట్లో పై గదిని ముగ్గురు కుర్రాళ్ళు కలిసి అద్దెకు తీసుకున్నారు. మా వాడు ఫుడ్ డెలివరీ బండి నడిపేవాడు. ఒక సాయంత్రం పోలీసు బృందం గల్లీ మలుపులో తమ బండి ఆపుకుంది. ఛార్జిషీటులో "నమ్మకమైన వ్యక్తి" అని మాత్రమే రాసిన ఒకతను డబ్బులు తీసుకుని ఆ ఇంటి మెట్లెక్కాడు. కాసేపటికి దిగొచ్చి ఒక జిప్ కవరు అధికారి చేతిలో పెట్టాడు. తూకం వేస్తే 3 గ్రాములు. అది ఎండీఎంఏ అనే మత్తుమందని రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు ఇచ్చింది. పోలీసులు పైకెళ్ళి మా వాణ్ణి పట్టుకున్నారు. వాడి ఒంటి మీద సరుకు లేదు. గదిలో లేదు. ఇచ్చి పంపామన్న నోట్లలో ఒక్కటి కూడా దొరకలేదు. ఆ నోట్లు ఎవరికో ఇచ్చేశాడని, ఒప్పుకోలునూ స్వాధీనాన్నీ కలిపి రాసే "కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా"లో రాసి ఉంది. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని కోర్టుల్లో పనిచేసే అటెండర్లకు కూడా తెలుసు. అయినా ఆ పంచనామా ఫైలులో ఉంటుంది, అందరి కళ్ళూ దాని మీద పడతాయి.

ఎండీఎంఏ అర గ్రాము లోపైతే చిన్న పరిమాణం, 10 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. ఈ రెంటికీ మధ్యలో ఉంటే మత్తుమందుల చట్టమైన ఎన్డీపీఎస్ 22వ సెక్షన్ కింద 10 ఏళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కవరులో అసలు మందు ఎంత, కలిపిన పొడి ఎంత అన్న లెక్క కూడా ఇప్పుడు లేదు. మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాడికి 5 ఏళ్ళు పడింది.

ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కినవాళ్ళు దర్యాప్తు అధికారి, ఇద్దరు పంచులు (పంచనామాకు సాక్షులు), ల్యాబు నిపుణుడు. మెట్ల మీద చేతులు మారడం తాను చూడలేదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అధికారి ఒప్పుకున్నారు. పంచులూ చూడలేదు. వాళ్ళు బండి దగ్గరే ఉన్నారు. మరి చూసిందెవరు? ఇద్దరే. ఒకరు ముద్దాయి, ఇంకొకరు ఆ నమ్మకమైన వ్యక్తి. అతనెవరని వకీలు అడిగితే, సమాచారం ఎవరిచ్చారో అదే చట్టం 68వ సెక్షన్ ప్రకారం చెప్పనక్కర్లేదని అధికారి జవాబిచ్చారు. అంతటితో ఆ ప్రశ్న ముగిసిపోయింది.

ఆ ఒక్క జవాబుతో ఎన్ని ప్రశ్నలు మూతపడ్డాయో చూడండి. మెట్లెక్కే ముందు ఇన్ఫార్మర్ జేబులు వెతికారా? పంచనామాలో ఆ మాటే లేదు. వెతకకపోతే ఆ కవరు అతనే వెంట తీసుకెళ్ళలేదని ఎలా నమ్మాలి? ఆ ఇంట్లో మూడంతస్తులున్నాయి, ఒక్కో అంతస్తులో వేర్వేరు అద్దెకుండేవాళ్ళు ఉన్నారు. అతను ఏ తలుపు తట్టాడు? గదిలో ముగ్గురుంటే ఎవరు తలుపు తీశారు? అంతకుముందు ఫోన్లో ఏం మాట్లాడుకున్నారు? అసలు సరుకు ఉందని మా వాడన్నాడా, లేక సరుకు కావాలని ఇన్ఫార్మరే వెంటపడ్డాడా? వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పగలిగిన సాక్షి రికార్డులో లేడు. ఇన్ఫార్మర్ తనకు చెప్పాడంటూ అధికారి చెప్పేది హియర్‌సే, అంటే విన్నమాట. చూసినవాడే వచ్చి చెప్పాలన్నది సాక్ష్య చట్టంలో మొదటి పాఠం.

ఎన్డీపీఎస్ కేసుల్లో ముద్దాయికి రక్షణలు బాగానే ఉన్నాయి కదా అని మీరు అనొచ్చు. ఉన్నాయి, నిజమే. సమాచారం అందగానే రాసిపెట్టి 72 గంటల్లోపు పై అధికారికి పంపాలని 42వ సెక్షన్ చెబుతుంది. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ ఉండాలని కోరే హక్కు నీకుందని ముద్దాయికి చెప్పాలి, అది 50వ సెక్షన్. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, తర్వాత విజయ్‌సింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనాలు ఈ హక్కును గట్టిగా నిలబెట్టాయి. మేజిస్ట్రేటు సమక్షంలో శాంపిళ్ళు తీయాలని 52ఏ సెక్షన్ ఉంది. అరెస్టు, స్వాధీనం జరిగిన 48 గంటల్లోపు పూర్తి నివేదిక పంపాలని 57వ సెక్షన్ ఉంది. హైకోర్టులో ఈ కేసుల అప్పీళ్ళు ఎక్కువగా ఈ సెక్షన్ల చుట్టూనే తిరుగుతాయి.

కానీ ఈ కంచె అంతా సోదా చుట్టూ కట్టింది. డెకాయ్ కొనుగోలులో సోదా ఎక్కడుంది? సరుకు ముద్దాయి ఒంటి మీద దొరకలేదు కాబట్టి 50వ సెక్షన్ రక్షణ అతనికి అందదు. సరుకు ఇన్ఫార్మర్ తన చేత్తోనే తెచ్చిచ్చాడు కాబట్టి దాన్ని ఎక్కణ్ణుంచి తీశారన్నదానికి సాక్షి లేడు. 54వ సెక్షన్ ప్రకారం, సరుకు ఎవరి స్వాధీనంలో దొరికిందో వాళ్ళు లెక్క చెప్పుకోవాలి. ముందు ఆ స్వాధీనాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరి ఆ సాయంత్రం ఆ 3 గ్రాములు పోలీసు అధికారి కంటికి మొదట కనిపించింది ఎవరి చేతిలో? ఇన్ఫార్మర్ చేతిలో. సరుకు సరఫరా దారిని కనిపెట్టడానికి కన్‌సైన్‌మెంటును అధికారుల కనుసన్నల్లో ముందుకు పోనిచ్చే కంట్రోల్డ్ డెలివరీకి 50ఏ సెక్షన్ ఉంది, దానికి ఎవరు అనుమతి ఇవ్వాలో కూడా అందులో రాసి ఉంది. ఇన్ఫార్మర్ చేత కొనిపించడానికి అలాంటి సెక్షన్ ఏదీ లేదు. నియమం లేని చోట సాక్ష్యం మరింత గట్టిగా ఉండాలి కదా, ఇక్కడ తలకిందులైంది.

ఇదే నగరంలో ఇంకో రకం ట్రాప్ ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. లంచం తీసుకునే ఉద్యోగుల్ని పట్టుకునే ఏసీబీ ట్రాప్ సంగతి అంటున్నాను. ఆ ఫైళ్ళు చూసినప్పుడల్లా నాకు గౌరవం కలిగేది. ఫిర్యాదుదారు తన పేరుతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తాడు. మధ్యవర్తులుగా వేరే శాఖల ప్రభుత్వ ఉద్యోగుల్ని పిలుస్తారు. బయల్దేరే ముందే ఒక పంచనామా రాస్తారు. నోట్ల నంబర్లు ఎక్కిస్తారు, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, ఫిర్యాదుదారు జేబులో ఇంకేమీ లేకుండా చూస్తారు. ఏం జరుగుతుందో చూడడానికి, వినడానికి ఒకర్ని వెంట పంపుతారు. పట్టుకున్నాక ముద్దాయి వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. ఆ నీళ్ళు సీసాలో పోసి సీలేసి కోర్టుకు తెస్తారు. అలాంటి సీసాలు నా బల్ల మీద ఎన్నో పెట్టుకున్నాను. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫిర్యాదుదారే పీడబ్ల్యూ-1గా, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షిగా బోనెక్కుతాడు. ముద్దాయి ఎదురుగా నిలబడి చెబుతాడు. క్రాస్‌లో అడిగినదానికల్లా జవాబిస్తాడు. నోట్లు దొరికినంత మాత్రాన చాలదు, డిమాండు రుజువు కావాలని 2022లో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం మళ్ళీ చెప్పింది.

లంచం తీసుకున్న ఉద్యోగికి అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ కింద పడే గరిష్ఠ శిక్ష 7 ఏళ్ళు. 3 గ్రాముల కేసులో గరిష్ఠం 10 ఏళ్ళు. తక్కువ శిక్ష పడే కేసులో అంత జాగ్రత్త, ఎక్కువ శిక్ష పడే కేసులో నమ్మకమైన వ్యక్తి అన్న రెండు మాటలు. పెద్ద ఉద్యోగం, మంచి వకీలు ఉన్నవాడికి ఒక రకం సాక్ష్యం, డెలివరీ బండి నడిపే కుర్రాడికి ఇంకో రకం సాక్ష్యమా అని మా అక్క అడిగితే, కోర్టులోనే జీవితం గడిపిన నాకు ఆమె ముఖం చూసి జవాబు చెప్పడం చాలా కష్టమైంది.

68వ సెక్షన్ గురించి నా అభిప్రాయం ఇది. నేర సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టకూడదని ఆ సెక్షన్ అంటుంది. అది ఉండాల్సిందే. ఫలానా గదిలో సరుకుందని ఫోన్ చేసిన పక్కింటి మనిషి పేరు బయటపెడితే రేపు ఇంకెవరూ ఫోన్ చేయరు. కానీ ఫోన్ చేసి తప్పుకున్న మనిషి వేరు, డబ్బులు తీసుకుని మెట్లెక్కి కొనుక్కొచ్చిన మనిషి వేరు. మొదటివాడు ఇచ్చింది సమాచారం. రెండోవాడు నేరం జరిగిందంటున్న చోట నిలబడ్డాడు, ఆ లావాదేవీలో సగం అతనే. అతన్ని దాచడమంటే సమాచారం వచ్చిన చోటును దాచడం కాదు, ప్రత్యక్ష సాక్షిని దాచడం.

ఈ తేడాను అమెరికా సుప్రీంకోర్టు 1957లోనే రొవియారో కేసులో చూపించింది. అదీ హెరాయిన్ కేసే. జాన్ డో అని మాత్రమే పిలిచిన ఇన్ఫార్మర్ కారులో ముద్దాయి ఎక్కాడు. కారు డిక్కీలో ఒక పోలీసు దాక్కుని లోపలి మాటలు విన్నాడు. అంత చేసినా, ఆ లావాదేవీలో స్వయంగా పాల్గొన్న ఇన్ఫార్మర్ ఎవరో ముద్దాయికి చెప్పకపోవడం తప్పని కోర్టు శిక్ష కొట్టేసింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కానీ మా వాడి కేసులో డిక్కీలో దాక్కుని విన్న మనిషి కూడా లేడు.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వస్తాను. ఇన్ఫార్మర్లు ఎక్కణ్ణుంచి వస్తారో మనందరికీ తెలుసు. అందరూ కాకపోయినా కొందరు తమ మీద కేసు ఉన్నవాళ్ళు. కొందరు అలవాటు పడ్డవాళ్ళు. ఇంకొకర్ని పట్టిస్తే తన కేసులో మెత్తగా ఉంటారన్న ఆశ ఉంటుంది, నగదు బహుమతి ఆశ ఉంటుంది. అలాంటి మనిషికి ఎవరు దొరుకుతారు? పెద్ద సరఫరాదారు దొరకడు. వాడి ఇంటి గడప కూడా ఇతనికి తెలియదు. తనతో కలిసి తిరిగిన స్నేహితుడు దొరుకుతాడు. "అన్నా, ఒక్కసారి ఇప్పించు, చచ్చిపోయేలా ఉన్నా" అని పదే పదే ఫోన్ చేస్తే ఎక్కణ్ణుంచైనా తెచ్చిపెట్టేంత దగ్గరివాడు. మా వాడి కేసులో ప్రాసిక్యూషన్ వేసిన కాల్ రికార్డులోనే కాల్స్ ఎటునుంచి ఎటు వెళ్ళాయో ఉంది. ఎక్కువ భాగం ఇన్ఫార్మర్ నంబరు నుంచి మా వాడికి వచ్చినవి. ఆ కాల్స్‌లో ఏం అడిగాడో చెప్పాల్సిన మనిషి మాత్రం లేడు.

షెర్మన్ కేసు అని 1958లో ఇంకొకటి ఉంది, అదీ అమెరికాదే. వ్యసనం మానడానికి డాక్టరు దగ్గరికి వెళ్తున్న ఒక మనిషికి, అక్కడికే వచ్చే ఇంకో రోగి పరిచయమయ్యాడు. వైద్యం పని చేయడం లేదని, మందు ఇప్పించమని పదే పదే బతిమాలాడు. మొదట కాదన్నవాడు చివరికి లొంగాడు. బతిమాలినవాడు ఇన్ఫార్మర్, అతని మీద కూడా కేసుంది. ఆ శిక్ష నిలవలేదు. మన దగ్గర ఇలాంటిదాన్ని డిఫెన్సుగా గుర్తించే ప్రత్యేక సెక్షన్ లేదు. కానీ మన సుప్రీంకోర్టుకు ఈ ఆలోచన కొత్త కాదు. 1956లో రామ్‌జనమ్ సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ ట్రాపుల గురించి రాసింది నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక సీనియర్ వకీలు కోర్టులో చదివి వినిపించగా విన్నాను. మనిషిలో ఎలాంటి నేరపు వంపు ఉన్నా, తట్టుకోలేనంత ప్రలోభపెట్టి తన చేత చట్టాన్ని అతిక్రమింపజేయరని, అందులోనూ చట్టాన్ని కాపాడాల్సినవాళ్ళు అలా చేయరని ఆశించే హక్కు అతనికి ఉందన్నది దాని భావం. నేరం చేయడానికి సిద్ధంగా ఉన్నవాడికి అవకాశం ఇచ్చి పట్టుకోవడం ఒకటి, వద్దనుకున్నవాడిని రెచ్చగొట్టి చేయించడం ఇంకొకటి అని కూడా అందులో ఉంది. మా వాడు ఈ రెంటిలో ఏ వైపున్నాడో నేను చెప్పను. చెప్పగలిగిన సాక్షిని తీసుకురమ్మంటున్నాను.

అతన్ని తీసుకొస్తే ప్రాణహాని అంటారా? అది నిజమైన భయమే, తేలిగ్గా తీసిపారేయను. దానికి దారులున్నాయి. 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. గుర్తింపు దాచడం, బయటివాళ్ళు లేకుండా జరిపే ఇన్ కెమెరా విచారణ, అడ్డు తెర వంటివన్నీ అందులో ఉన్నాయి. అతను కూడా కొనుగోలు నేరం చేసినట్టే కదా అంటారా? అవును, 8వ సెక్షన్ నిషేధించినవాటిలో అమ్మడంతో పాటు కొనడమూ ఉంది. అందుకే 64వ సెక్షన్ పెట్టారు. నిజమంతా పూర్తిగా చెప్పే షరతు మీద ప్రభుత్వం అతనికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. చట్టం ఇంత చక్కని దారి వేసి ఉంచితే, మినహాయింపు కాగితం లేకుండా, షరతు లేకుండా, పేరు లేకుండా అతన్ని వాడుకుని పంపేయడం ఎందుకు? పైగా ద్వేషంతో తప్పుడు సమాచారం ఇచ్చి ఒకర్ని అరెస్టు చేయించినవాణ్ణి శిక్షించడానికి 58వ సెక్షన్ ఉంది. ఎవరో తెలియనివాడి మీద ఆ సెక్షన్‌ను ఎవరు వాడగలరు?

మత్తుమందుల వల్ల ఇళ్ళు ఎలా కూలుతున్నాయో నాకు తెలియదనుకోకండి. మా బస్తీలోనే చదువు మానేసిన పిల్లల్ని, బంగారం తాకట్టు పెట్టి డీఅడిక్షన్ సెంటర్ల చుట్టూ తిరిగే తల్లుల్ని చూస్తున్నాను. అమ్మేవాళ్ళు పట్టుబడాలి, శిక్షపడాలి. బలమైన కేసు కట్టి నిజమైన అమ్మకందారును లోపల వేస్తే మొదట సంతోషపడేది మా లాంటి ఇళ్ళవాళ్ళే. కానీ ఇన్ఫార్మర్ మాట మీద నిలబడ్డ కేసులో అతను లేకపోతే, ఆ కేసు అప్పీల్లో ఎప్పుడైనా కూలొచ్చు. అప్పుడు దోషి అయితే బయటికొస్తాడు, నిర్దోషి అయితే అప్పటికే కొన్నేళ్ళు లోపల గడిపేసి ఉంటాడు. రెండూ మీ కష్టాన్ని వృథా చేసేవే.

ఇలాంటి కేసులో ఇరుక్కున్న కుటుంబాలు కూడా ఈ లేఖ చదవొచ్చు కాబట్టి వాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను, అధికారులు ఏమీ అనుకోవద్దు. శిక్షపడ్డ రోజే తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్పెషల్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు 36బీ సెక్షన్ కింద వెళ్తుంది, గడువు 60 రోజులు. దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని పిటిషన్ వేయాలి. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కు ఫోన్ చేయండి. అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి బెయిలివ్వమని అడగొచ్చు. 32ఏ సెక్షన్ వల్ల అది కుదరదని ఎవరైనా అంటే, కోర్టులకు ఆ అధికారం తీసేసినంతవరకు ఆ సెక్షన్‌ను 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసిందని చెప్పండి. 37వ సెక్షన్‌లోని కఠిన బెయిలు షరతులు వాణిజ్య పరిమాణానికీ, మరికొన్ని సెక్షన్లకూ మాత్రమే. 3 గ్రాముల లాంటి కేసుకు అవి వర్తించవు. అన్నిటికంటే ముఖ్యం, ట్రయల్ నడుస్తున్నప్పుడే మేల్కోండి. అప్పీలంటే కేసు మళ్ళీ మొదట్నుంచి నడపడం కాదు. కింది కోర్టు రికార్డులో ఏముందో అదే హైకోర్టు చూస్తుంది. క్రాస్‌లో అడగని ప్రశ్న అప్పీల్లో పుట్టదు. ఇన్ఫార్మర్‌ను సాక్షిగా పిలవమని, కాల్ రికార్డులు, టవర్ లొకేషన్లు, దగ్గర్లోని సీసీ కెమెరాల ఫుటేజీ భద్రపరచమని మీ వకీలు చేత తొందరగా పిటిషన్ వేయించండి. అవి కలకాలం ఉండవు. మా కేసులో గల్లీ చివర కిరాణా కొట్టు కెమెరా ఉంది. అడిగేసరికి ఫుటేజీ చెరిగిపోయింది.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. నేను అడిగేదానికి చట్ట సవరణ అక్కర్లేదు, అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు. హోం శాఖ నుంచి ఒక సర్క్యులర్, ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ నుంచి పీపీలకు ఒక మెమో సరిపోతాయి. ఏసీబీ ట్రాప్‌లో పాటించేదే డెకాయ్‌కీ పెట్టండి. కొనుగోలుకు ముందు పై అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. బయల్దేరే ముందు ఇన్ఫార్మర్‌ను సోదా చేసి, నోట్ల నంబర్లు ఎక్కించి, పంచుల సమక్షంలో ఒక పంచనామా రాయాలి. ఆ పంచులు ప్రతి కేసులోనూ కనిపించే స్టాక్ పంచులు కాకూడదు. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం 2024 జులై 1 నుంచి సోదాలను, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరి అయింది. కెమెరాను స్వాధీనం దగ్గర మొదలుపెట్టకండి, ఇన్ఫార్మర్ జేబులు ఖాళీ చేయించే దగ్గర మొదలుపెట్టండి. మొదటి ఫోన్ కాల్ నుంచి అతను ముద్దాయితో చేసిన సంభాషణలన్నీ భద్రపరచండి, మీకు పనికొచ్చేవే కాదు, పనికిరానివి కూడా. అతని మీదున్న కేసులు, అతనికిచ్చిన డబ్బు, చూపిన కనికరం, అన్నీ డిఫెన్సుకు చెప్పాలి. ఛార్జిషీటులో అతని పేరు ఎల్‌డబ్ల్యూ-1గా, అంటే జాబితాలో మొదటి సాక్షిగా ఉండాలి, అవసరమైతే రక్షణ పథకం కింద మారుపేరుతోనైనా. ఇవేవీ లేని ఫైలు వస్తే, దాని మీద అమ్మకం అభియోగం నిలబడదని పీపీ ఛార్జిషీటుకు ముందే రాసి వెనక్కి పంపగలగాలి. అలా రాసిన పీపీకి మీరు వెన్నుదన్నుగా నిలవాలి.

ఇప్పటికే శిక్షపడి అప్పీల్లో ఉన్న కేసుల గురించి కూడా ఒకటి అడుగుతాను. వాటిలో ఇన్ఫార్మర్‌ను విచారించకుండా అమ్మకం నేరం రుజువైనవి ఏవో ప్రాసిక్యూషన్ శాఖ ఒకసారి ఫైళ్ళు తీసి చూడాలి. అలాంటివాటిలో శిక్ష నిలిపివేత పిటిషన్ వచ్చినప్పుడు, అలవాటుగా వ్యతిరేకించకుండా ఈ లోటు ఉందని ప్రాసిక్యూటరే కోర్టుకు చెప్పాలి. ప్రాసిక్యూటర్ కోర్టుకు సాయం చేసే అధికారి అని మా రోజుల్లో జడ్జిలు ఊరికే అనేవారు కాదు, దాన్ని నిజంగా నమ్మేవారు. అలా నడుచుకున్న పీపీలను నేను చూశాను కాబట్టే ఈ మాట అడగగలుగుతున్నాను.

సర్క్యులర్ ముసాయిదా రాయడంలో పాత ఫైళ్ళు తిరగేయడానికి, పంచనామా నమూనా తయారు చేయడానికి మనుషులు కావాలంటే చెప్పండి. నాతోపాటు రిటైరైన బెంచి క్లర్కులు, కాపీయిస్టులు ఇంకా కొందరున్నారు. పైసా తీసుకోకుండా వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
విశ్రాంత బెంచి క్లర్కు,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్